వాగ్దానం ఒకటి, కళ్లముందు జరుగుతున్నది మరొకటి అయినప్పుడు ఏం చేయాలి?

వందనాలు సిస్టర్.

చదివే మిగతావాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. కొత్త సంవత్సరం ఆరాధనలో మీ ఇంటికి వచ్చిన వాగ్దానపు కార్డు (ఆ ఏడాదికి దేవుని మాటగా తీసుకునే బైబిలు వచనం) యిర్మీయా 29:11: మీ పట్ల నా ఉద్దేశాలు హానికరమైనవి కావు, నిరీక్షణ కలిగించేవి అని దేవుడు చెప్పిన మాట. మూడు నెలలు తిరగకుండానే మీవారి ఉద్యోగం పోయింది. మామయ్యగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైంది. మన విశ్వాసం చాలడం లేదని అత్తయ్యగారు అంటున్నారు. ఒక సేవకుడి మనుషులు ఫోన్ చేసి, విత్తన కానుక (విత్తనంలా నాటితే దీవెన పంటగా వస్తుందని చెప్పి అడిగే డబ్బు) పంపితే 40 రోజుల్లో కార్యం జరుగుతుందని చెప్పారు. మీకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ‘దేవుడు మాట ఇచ్చాడని ఇంకా ఎలా నమ్మను?’ అన్నది మీ ప్రశ్న.

అన్నిటికంటే ముందు రెండు మాటలు. ఆ కానుక పంపకండి. డయాలసిస్ ఒక్కసారి కూడా మానకండి. కారణాలు కింద వస్తాయి.

ఇక కార్డు సంగతి. కార్డు మీద ఒక వచనమే పడుతుంది, అధ్యాయమంతా పట్టదు. యిర్మీయా 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు, యూదా రాజైన యెకోన్యాను, అతని తల్లిని, అధికారులను, పనివాళ్లను బబులోనుకు చెరపట్టుకుపోయాడు. అక్కడున్న వాళ్లకు ప్రవక్త యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపిన ఉత్తరం అది. ‘సమాధానకరమైన ఉద్దేశములు’ అనే మాట 11వ వచనంలో ఉంటే, దానికి గడువు 10వ వచనంలో ఉంది: 70 సంవత్సరాలు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూస్తారు. ఈలోపు ఏం చేయాలో 5 నుంచి 7 వచనాల్లో ఉంది. ఇళ్లు కట్టుకోవాలి, తోటలు నాటుకోవాలి, పిల్లలకు పెళ్లిళ్లు చేయాలి, తమను చెరలో పెట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయాలి.

దీనికి ముందున్న 28వ అధ్యాయం కూడా ఈ రోజే చదవండి. గిబియోనువాడైన హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్లలో చెరపట్టబడినవాళ్లంతా తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. విని యిర్మీయా కోప్పడలేదు. ‘ఆమేన్, యెహోవా ఆలాగున చేయును గాక’ అన్నాడు. ఆయనకూ అదే కావాలి. కానీ దేవుడు చెప్పింది 70. హనన్యా ఐదో నెలలో ఈ మాట చెప్పి ఏడో నెలలో చనిపోయాడు. రెండేళ్లు అని చెప్పేవాడికి జనం ఎక్కువమంది దొరుకుతారు, 70 అని చెప్పేవాడికి దొరకరు. మీకు ఫోన్ చేసినవాళ్లు చెప్పిన 40 రోజులు ఏ రకం మాటో దీన్నిబట్టి మీరే తేల్చుకోవచ్చు.

‘అయితే ఆ వచనం మాది కాదా?’ అని అడుగుతారు. మీదే, కానీ సూటిగా కాదు. దేవుని వాగ్దానాలన్నీ క్రీస్తులో ‘అవును’ అయ్యాయని 2 కొరింథీయులకు 1:20 చెబుతుంది. ఆ దారిలో వచ్చినప్పుడు దేవుని మనసు మనకు వస్తుంది: తన ప్రజల పట్ల ఆయన ఉద్దేశం హాని కాదు, చివరికి నిరీక్షణే. 70 ఏళ్ల గడువు, యెరూషలేముకు తిరుగు ప్రయాణం మాత్రం వాళ్లవే. అలాగే ఫలానా నెలలో ఫలానా కంపెనీలో ఉద్యోగం వస్తుందన్న మాట ఆ వచనంలో లేదు. కార్డు తీసిన రోజే దాన్ని మనం అందులో చేర్చుకుంటాం, రానప్పుడు దేవుడు మాట తప్పాడనుకుంటాం. నమ్మకం విరిగిపోయే చోట్లలో ఎక్కువ భాగం ఇదే.

కాబట్టి ఏ వాగ్దానాన్నైనా పట్టుకునే ముందు మూడు సంగతులు చూడాలి: ఎవరికి ఇచ్చాడు, షరతు ఏమైనా ఉందా, గడువు ఎంత. యెషయా 38:5లోని 15 ఏళ్ల ఆయుష్షు జబ్బుపడిన హిజ్కియా రాజుకు ఇచ్చింది, మన ఇంట్లో రోగికి కాదు. 1 యోహాను 1:9లో క్షమాపణ అందరికీ ఉంది, పాపాలు ఒప్పుకోవాలన్న షరతుతో. మత్తయి 28:20లో ‘సదాకాలము మీతోకూడ ఉన్నాను’ అన్నదానికి గడువు యుగసమాప్తి వరకు. సామెతలు 22:6లో బాలుని నడిపించడం గురించిన మాట జ్ఞానం చెప్పే సామెత, పూచీకత్తు కాదు. అది తెలియక దారితప్పిన పిల్లల తల్లిదండ్రులు ఎంత కుమిలిపోతారో సంఘాల్లో చూస్తూనే ఉన్నాం. వాగ్దానం నిజమైనదే అయినా చోటు తప్పితే ప్రమాదం. సాతాను యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకితే దూతలు కాపాడతారని 91వ కీర్తనే ఎత్తి చూపాడు. ఆ కీర్తనలో ‘నీ మార్గములన్నిటిలో’ అని ఉంటుంది, మత్తయి 4:6లో సాతాను చెప్పినదాంట్లో ఆ మాట లేదు.

ఇప్పుడు అసలు పద్ధతికి వద్దాం. అసాధ్యంగా కనిపించే వాగ్దానాన్ని ఎలా పట్టుకోవాలో బైబిల్లో అంచెలంచెలుగా చూపించిన చోటు యిర్మీయా 32వ అధ్యాయం అని నా అభిప్రాయం. ప్రసంగాల్లో అబ్రాహాము వచ్చినంత తరచుగా ఇది రాదు, అది మనకు నష్టమే.

యూదా రాజు సిద్కియా పాలనలో పదో సంవత్సరం, క్రీ.పూ. 587 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. ఆ ముట్టడి సుమారు 18 నెలలు సాగింది, మధ్యలో ఐగుప్తు సైన్యం వస్తోందని విని కొద్దికాలం సడలింది. పట్టణం పడిపోతుందని ప్రకటించినందుకు యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఖైదీగా ఉన్నాడు. రొట్టెలు కాల్చేవారి వీధి నుంచి రోజుకొక రొట్టె ఆయనకు ఇచ్చేవాళ్లు. అనాతోతు ఆయన సొంత ఊరు, యెరూషలేముకు ఈశాన్యంగా నాలుగైదు కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కలంతా శత్రువు చేతిలో ఉన్న సమయం. అప్పుడు పినతండ్రి షల్లూము కొడుకు హనమేలు వచ్చి, ‘అనాతోతులో నా పొలం కొను, విడిపించే హక్కు (దగ్గరి బంధువుగా కొనుక్కునే హక్కు) నీదే’ అన్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామంది దాటేస్తారు. హనమేలు వస్తాడని దేవుడు ముందే చెప్పాడు. అయినా ‘అది యెహోవా వాక్కు అని తెలుసుకొంటిని’ అన్న మాట యిర్మీయా హనమేలు వచ్చాకే రాశాడు. ప్రవక్త కూడా లోపల అనిపించినదాన్ని బయట జరిగినదానితో సరిచూసుకున్నాకే డబ్బు తీశాడు. ఒక కలకో, ఎవరో చెప్పిన దర్శనానికో వెంటనే నగలు తాకట్టుపెట్టేవాళ్లు ఈ 8వ వచనం దగ్గర ఆగాలి.

తర్వాత ఆయన చేసినవి వరుసగా చూడండి. 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. ఆ కాలపు తూకంలో ఒక్కొక్కటి సుమారు 11.4 గ్రాములు, అంటే మొత్తం 195 గ్రాముల దగ్గర. శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలానికి అబ్రాహాము ఇచ్చిన 400 తులాలతో పోలిస్తే చిన్న మొత్తం, అయినా నిజమైన డబ్బు. క్రయపత్రం రాసి, ముద్రవేసి, సాక్షుల చేత సంతకాలు చేయించాడు. పత్రం రెండు ప్రతులు: ముద్రవేసినది ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి. ఎవరైనా తెరిచిన ప్రతిని మార్చినా, ముద్ర విప్పి సరిచూడొచ్చు. ఈ అలవాటు ఆ దేశంలో చాలాకాలం నడిచింది. 1961లో మృత సముద్రం దగ్గరి గుహలో దొరికిన ఒక యూదు స్త్రీ ఆస్తి పత్రాల్లోనూ ఈ జంట రాత కనిపిస్తుంది. రెండు ప్రతులనూ తన లేఖకుడు, నేరీయా కొడుకైన బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. అది మాటవరసకు చెప్పిన జాగ్రత్త కాదు. 1947 నుంచి మృత సముద్రం దగ్గరి కుమ్రానులో బయటపడిన చర్మపు చుట్టల్లో కొన్ని మట్టిజాడీల్లోనే సుమారు రెండు వేల ఏళ్లు నిలిచాయి.

రిజిస్ట్రేషన్ పూర్తయ్యాకే ఆయన ప్రార్థన మొదలైంది, 16వ వచనంలో. ‘నీకు అసాధ్యమైనది ఏదీ లేదు’ అని మొదలుపెట్టి, 24వ వచనానికి వచ్చేసరికి ‘ముట్టడి దిబ్బలను చూడు, కత్తి, కరవు, తెగులు, పట్టణం శత్రువు చేతికి పోయింది’ అన్నాడు. ఆపై 25లో, ‘అయినా నువ్వే నాకు పొలం కొనమన్నావు’ అన్నాడు. విధేయత ముందు, అయోమయం తర్వాత, రెండూ ఒకే మనిషిలో. మీ లోపల ఇప్పుడు రెండూ ఉన్నాయని మీ మాటల్లో తెలుస్తోంది. అది అవిశ్వాసం కాదు.

దేవుని జవాబు ఇంకా గమనించదగ్గది. ‘పరిస్థితి నువ్వనుకున్నంత చెడ్డది కాదు’ అని ఆయన అనలేదు. పట్టణం కాలిపోతుంది అని 28, 29 వచనాల్లో ఖాయం చేశాడు. ఆ తర్వాతే, ఈ దేశంలో మళ్లీ పొలాలు వెండికి కొంటారు, పత్రాలు రాస్తారు, సాక్షులను పెడతారు అని 43, 44 వచనాల్లో చెప్పాడు. వాగ్దానం పరిస్థితిని కాదనలేదు, దాన్ని దాటి వెళ్లింది. అందుకే ‘నా భర్తకు ఉద్యోగం పోలేదు’, ‘మామయ్యకు జబ్బు లేదు’ అని నోటితో ప్రకటిస్తూ ఉంటే విశ్వాసం పెరుగుతుందన్న బోధను నేను ఒప్పుకోను. అబ్రాహాము కూడా తన శరీరం, శారా గర్భం మృతతుల్యమని ఆలోచించాడనే రోమా 4:19 చెబుతుంది. తెలిసి నమ్మాడు.

దీన్ని మీ ఇంట్లో ఎలా చేయాలి?

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీలో ఆ వాగ్దానంలో దేవుడు నిజంగా చెప్పిన భాగం మాత్రమే, రెండు మూడు లైన్లలో రాయండి. కుడి పేజీలో పరిస్థితిని అంకెలతో రాయండి: చేతిలో ఎంత ఉంది, నెలకు ఎంత కావాలి, ఈఎంఐ ఎంత, మందులకు ఎంత, అది ఎన్ని నెలలు వస్తుంది. తర్వాత 89వ కీర్తన చదవండి. 37వ వచనం వరకు దావీదుకు దేవుడిచ్చిన మాట, 38 నుంచి ‘ఇట్లుండియు నీవు మమ్మును విడనాడియున్నావు’ అనే ఫిర్యాదు. రెండు పేజీలనూ అదే వరుసలో దేవుని ముందు గట్టిగా చదవండి. పది నిమిషాలు చాలు. ఎడమ పేజీ మాత్రమే చదివితే లోపల భయం అలాగే మిగులుతుంది. కుడి పేజీ మాత్రమే చదివితే అది లెక్కల పుస్తకమే తప్ప ప్రార్థన కాదు.

ఆ తర్వాత మీ పొలం ఏదో ఎంచుకోండి. వాగ్దానం నిజమైతే ఎటు నడుస్తారో అటువైపు ఒక్క పని. దానికి మూడు గుర్తులు ఉండాలి: కొంత ఖర్చో కష్టమో ఉండాలి, పోయినా ఇల్లు కూలకూడదు, నలుగురికి కనబడాలి. మీ విషయంలో 29వ అధ్యాయమే దారి చూపిస్తోంది, ఉన్నచోట ఇల్లు కట్టుకోమని. పిల్లల చదువు ఆపకండి; ఫీజు భారమైతే వాయిదాల్లో కడతామని స్కూల్లో ఇప్పుడే మాట్లాడండి. మీవారు రోజూ ఒకే సమయానికి రెండు గంటలు దరఖాస్తులకు, రెండు గంటలు తన పనిలో కొత్తగా వచ్చినదాన్ని నేర్చుకోవడానికి కూర్చోవాలి. పాత జీతం వచ్చేదాకా ఆగకుండా తక్కువ జీతమైనా ఒప్పుకోవాలి. డయాలసిస్ సెంటర్లో పక్క బెడ్డు వాళ్లకు వారానికొకసారి టిఫిన్ పెట్టి ఇవ్వండి, అది పట్టణ క్షేమం కోరడమే. మూడు నెలల ఖర్చులకు పెట్టుకున్న డబ్బు మాత్రం ముట్టకండి.

బారూకు కూడా ఉండాలి. పేజీకి తేదీ వేసి, సంతకం పెట్టి, ఒక ప్రతి నమ్మకమైన ఒక్కరికి ఇవ్వండి. మీ సంఘంలో నోరు జారని పెద్దమ్మ అయినా సరే, పాస్టరమ్మగారైనా సరే. వాళ్ల పని సలహాలివ్వడం కాదు, నెలకొకసారి ఆ కాగితం తీసి మీకు చదివి వినిపించడం. అలసిపోయిన మనసు జరిగిన మేలును త్వరగా మరచిపోతుంది, రాసిపెట్టినది మరచిపోదు. సాక్ష్యం మొత్తం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి; అక్కడికి వెళ్లాక జరగకపోతే దాచుకోవాల్సిన పరిస్థితి వస్తుంది, ఆ దాపరికమే నమ్మకాన్ని తినేస్తుంది.

ఇక చెడిపోయే చోట్లు.

గడువు మనమే పెట్టుకోవడం మొదటిది. అబ్రాహాము 75వ ఏట హారాను విడిచాడు. కనానులో పదేళ్లు గడిచాక శారా హాగరును ఇచ్చింది, 86వ ఏట ఇష్మాయేలు పుట్టాడు. ఇస్సాకు పుట్టింది 100వ ఏట. దేవుడు ఆలస్యం చేస్తున్నాడని మనిషి సాయం చేస్తే ఏడుపు ఎవరికి మిగిలిందో చూడండి: ఏమీ తెలియని హాగరుకు, ఆ బిడ్డకు. మీ ఇంట్లో ఇష్మాయేలు ఎలా ఉండొచ్చంటే, వడ్డీకి తెచ్చి పెట్టే వ్యాపారం, ఏజెంటుకు లక్షలు కట్టి వెళ్లే గల్ఫ్ వీసా, తెలియని కాగితం మీద పెట్టే హామీ సంతకం.

రెండోది విత్తన కానుక. 32వ అధ్యాయంలో వెండి ఎవరికి పోయిందో మళ్లీ చూడండి. ప్రవక్తకు ఎవరూ ఇవ్వలేదు, ప్రవక్తే తన జేబులోంచి ఇచ్చాడు, అదీ పొలం అమ్మినవాడికి. కుష్ఠు నుంచి స్వస్థత పొందిన నయమాను బలవంతం చేసినా ప్రవక్త ఎలీషా ఏమీ తీసుకోలేదు; వెనకాల పరుగెత్తి తీసుకున్న ఆయన పనివాడు గేహజీకి కుష్ఠు వచ్చింది. మీ సంఘానికి మామూలుగా ఇచ్చేది మీ స్తోమతను బట్టి ఇవ్వండి. ఫలితానికి రేటు కట్టిన చోట ఇవ్వకండి.

మూడోది వైద్యం. ఇది ప్రాణంతో పని, కాస్త వివరంగా రాస్తాను. హిజ్కియాకు 15 ఏళ్లు ఇస్తానన్న అధ్యాయంలోనే, పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమని యెషయా చెప్పాడు. అపొస్తలుల కార్యములు 27లో తుపానులో చిక్కిన ఓడలో ఒక్క ప్రాణం కూడా పోదని దేవుడు పౌలుకు మాట ఇచ్చాడు. అయినా నావికులు పడవ దింపుకుని పారిపోబోతే, ‘వీళ్లు ఓడలో లేకపోతే మీరు తప్పించుకోలేరు’ అని పౌలే శతాధిపతికి చెప్పాడు. పద్నాలుగు రోజులుగా ఏమీ తినని 276 మందితో అన్నం తినిపించాడు. వాగ్దానం ఉంది కాబట్టి జాగ్రత్త అక్కర్లేదని ఆయన అనుకోలేదు.

డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఉంటుంది. ఒక విడత మానితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. మామయ్యగారితో ఉపవాసం చేయించకండి. ఇంట్లో మీరు ఉపవాసముండి విడిచేటప్పుడు ఆయనకూ ప్రేమగా కొబ్బరినీళ్లు, అరటిపండు ఇవ్వాలనిపిస్తుంది. ఆ రెండింటిలోనూ పొటాషియం ఎక్కువ, డాక్టరు అనుమతి లేకుండా ఇవ్వకూడదు. అత్తయ్యగారికి షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడగాలి. వణుకు, చెమటలు వచ్చినా, రీడింగ్ 70 కంటే తగ్గినా వెంటనే పంచదార నీళ్లు తాగించి ఉపవాసం ఆపేయాలి. ఆహారం బదులు టీవీ, ఫోన్ విడిచి ఆ సమయంలో ప్రార్థన చేయడం ఆమెకు సరైన ఉపవాసం.

అత్తయ్యగారి మాట గురించి. ‘విశ్వాసం చాలలేదు’ అన్నదానికి వాదించకండి, ఆమె భయంలోంచి వచ్చిన మాట అది. ‘అత్తయ్యా, మనం కలిసి ఒక అధ్యాయం చదువుదాం’ అని 32వ అధ్యాయం మొత్తం ఆమె చేతే చదివించండి. తర్వాత మార్కు 9:24లో, జబ్బుతో ఉన్న బిడ్డను యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి మాట చూపించండి: నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చేయి అన్నాడు. అంత విశ్వాసంతోనే అతని బిడ్డ బాగుపడ్డాడు.

మీరు రాసిన చివరి ప్రశ్న కష్టమైనది: ‘చివరిదాకా జరగకపోతే?’ దాచకుండా చెప్పాలి. యిర్మీయా ఆ పొలం దున్నలేదు. పట్టణం పడ్డాక తనవాళ్లే ఆయనను ఐగుప్తుకు తీసుకుపోయారు, ఆయన కథ అక్కడే ఆగిపోతుంది. దేవుని ఆజ్ఞ మీద పెళ్లి చేసుకోలేదు కాబట్టి పొలానికి సొంత వారసులూ లేరు. అయినా చెర నుంచి విడిపించిన పారసీక రాజు కోరెషు కాలంలో తిరిగి వచ్చినవాళ్ల జాబితాలో ఎజ్రా 2:23 ఒక లెక్క రాసింది: అనాతోతువాళ్లు 128 మంది. ఒకప్పుడు యిర్మీయాను చంపాలని చూసిన ఊరు అదే. మామయ్యగారి కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయని నేను మాట ఇవ్వలేను, దేవుడు ఆ మాట మీకు ఇచ్చాడని ఎవరూ చెప్పలేరు. ఆయన ఇచ్చినవి వేరే ఉన్నాయి: విడువను, ఎడబాయను అన్నాడు, చనిపోయినవారిని లేపుతానన్నాడు. వీటికి గడువు తీరిపోవడం అంటూ లేదు. మిగతా కోరికలన్నీ అడగండి, గట్టిగా అడగండి. కానీ వాటిని కోరికల పేజీలో రాయండి, ఎడమ పేజీలో కాదు.

నిద్ర విషయం నిర్లక్ష్యం చేయకండి. ప్రవక్త ఏలీయా చచ్చిపోవాలని కోరుకున్న రోజున దేవుడు ప్రసంగం చేయలేదు; దూత రెండుసార్లు లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు, మాట తర్వాత వచ్చింది. రాత్రి లెక్కలు వేయడం మానేసి, ఆ కుడి పేజీని పగలు మాత్రమే తెరవండి. మెలకువ వస్తే 13వ కీర్తన ఆరు వచనాలే, అది చదివి దీపం తీసేయండి. రెండు వారాలు దాటినా నిద్ర రాకపోతే, లేదా బతకాలనిపించకపోతే ఆ క్షణమే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 32వ అధ్యాయం చదివాక ఏ వచనం దగ్గర ఆగిపోయారో ఇక్కడే రాయండి, దాని మీద ఇంకా మాట్లాడుకుందాం.